మన ఒంటి మీద మన తీర్మానం

(జనవరి మొదటి వారంలో నంబులపూలకుంటలో జరిగిన మహిళా సంఘాల, స్వచ్ఛంద సంస్థల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కొత్త సంవత్సరంలో మంచి ఆరోగ్య అలవాట్లు ఎలా పెట్టుకోవాలో మాట్లాడమని నిర్వాహకులు అడిగినప్పుడు నాకు మొదట నవ్వొచ్చింది. ముప్పయ్యేళ్లుగా నేను మాట్లాడింది కూలి రేట్ల గురించి, కట్నం చావుల గురించి, ఆడవాళ్ల పేరు మీద భూమి పట్టాల గురించి. పొద్దున్నే నడవండి, ఆకుకూరలు తినండి అని చెప్పడం మన పని కాదనిపించింది. వారపత్రికల్లో ఖాళీ మిగిలినచోట వేసుకునే సంగతి అనుకున్నాను.

తర్వాత ఆలోచిస్తే తప్పు నా నవ్వులోనే ఉందని తెలిసింది. మనం ప్రతి సభలోనూ తీర్మానాలు చేస్తాం. ప్రభుత్వం ఇది చేయాలి, కలెక్టరు అది చేయాలి, పోలీసులు కేసు నమోదు చేయాలి అని రాస్తాం, చేతులెత్తుతాం, పత్రికలకు పంపుతాం. ఇన్నేళ్లలో మన ఒంటి గురించి మనం ఒక్క తీర్మానమైనా చేశామా? సభలో చేయలేదు, ఇంట్లోనూ చేయలేదు. స్త్రీ శరీరం మీద హక్కు స్త్రీదే అని గోడల మీద రాసిన మనమే ఆ శరీరాన్ని అందరికంటే చివర చూసుకుంటున్నాం.

ఈ మాట ఈ మండలంలో నిలబడి చెప్పడానికి ఒక కారణం ఉంది. గూటిబయలులో తిమ్మమ్మ మర్రిమాను ఉంది. దాదాపు ఐదెకరాలు పరుచుకున్న చెట్టు, 1989లో గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది. కథ నాకంటే మీకే బాగా తెలుసు. 15వ శతాబ్దంలో తిమ్మమ్మ భర్త చితి మీద సహగమనం చేసిందని, ఆ చితికి పాతిన గుంజ చిగురించి ఇంత మాను అయిందని చెప్పుకుంటారు. పిల్లలు లేనివాళ్లు వచ్చి మొక్కుకుంటారు. ఎవరి నమ్మకాన్నీ నేను తక్కువ చేసి మాట్లాడను. కానీ ఒక్క ప్రశ్న అడుగుతాను. తన గురించి తాను చూసుకుని, పూర్తి ఆయుష్షు బతికి, కడుపునిండా తిని పోయిన ఆడమనిషి పేరు మీద మనకు ఒక్క చెట్టయినా ఉందా? కాలిపోతేనే ఆడది గొప్పది అని మనకు చిన్నప్పటి నుంచీ నూరిపోశారు. సహగమనాన్ని చట్టం ఎప్పుడో నిషేధించింది. రోజూ ఇంత చొప్పున కరిగిపోవడాన్ని మాత్రం ఏ చట్టమూ నిషేధించలేదు. దాన్ని త్యాగం అంటారు. మనమూ అదే అంటాం.

నా సంగతే చెప్తాను. కొన్నేళ్ల కిందట కదిరి పక్క ఒక పల్లెలో రక్తహీనత మీద శిబిరం పెట్టాం. ప్రధాన వక్తను నేనే. ఆడవాళ్లకు రక్తంలో హిమోగ్లోబిన్ పన్నెండు గ్రాములు ఉండాలని, గర్భిణులకు పదకొండుకు తగ్గకూడదని మైకులో అరగంట చెప్పాను. పరీక్ష దగ్గరికి వచ్చేసరికి సూదికి భయపడి ఆడవాళ్లు వెనక్కి పోతున్నారు. ఏమీ కాదు చూడండి అని ముందు నేనే వేలు చాపాను. కాసేపటికి ఆ పరీక్ష చేసే అబ్బాయి నా పక్కకొచ్చి గొంతు తగ్గించి, "మేడమ్, మీది ఏడు పాయింట్ నాలుగు ఉంది" అన్నాడు. అంటే తీవ్రమైన రక్తహీనత. ఆ రోజు పరీక్ష చేయించుకున్న కూలి ఆడవాళ్లలో సగం మందికి నాకంటే ఎక్కువే ఉంది.

ఎందుకట్లా అయింది? నాలుగేళ్లుగా నెలసరి పది రోజులు పోతుండేది. వయసు దిగేటప్పుడు అంతేలే అనుకున్నాను. పొద్దున టీ తాగి బస్సెక్కడం, మధ్యాహ్నం బన్ను ముక్కతో సరిపెట్టడం, దారిలో మరుగుదొడ్డి ఉండదని నీళ్లు తాగకపోవడం, రాత్రి ఇంట్లో మిగిలింది తినడం. మొదట చూపించుకున్నచోట గర్భసంచి తీసేద్దామన్నారు. దేశంలో గర్భసంచి ఆపరేషన్లు ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో మనదీ ఒకటి కదా, ఆ మాట విని భయపడి ఇంకొక డాక్టరమ్మ దగ్గరికి పోయాను. ఆమె పరీక్షలన్నీ చూసి, ఆపరేషన్ అక్కర్లేదు, మాత్రలు వేసుకో, వేళకు తిను, మూడు నెలలకు మళ్లీ రా అంది. పదకొండు దాటడానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది.

నేను బతికిపోయాను. అక్షరాస్యత ఉద్యమంలో నాతో పాటు ఊరూరా తిరిగిన ఒక అక్క బతకలేదు. పేరు చెప్పను, ఇక్కడ కొందరికి తెలుసు. ఊళ్లో ఎవరికి నొప్పులొచ్చినా, ఎవరికి జ్వరం వచ్చినా రాత్రనకా పగలనకా ఆస్పత్రికి తీసుకుపోయేది ఆమే. తనకు తలనొప్పి వస్తే కొంగు బిగించి కట్టుకుని పనిలో పడేది. నలభై తొమ్మిదో ఏట పొలం గట్టు మీద పడిపోయింది. మెదడులో నరం చిట్లిందన్నారు, బీపీ చాలా ఎక్కువగా ఉందన్నారు. వందమందిని డాక్టర్ల ముందు కూర్చోబెట్టిన ఆ మనిషి చేతికి బీపీ పట్టీ చుట్టింది ఆ రోజే మొదటిసారి. అంత్యక్రియల నాడు అందరూ ఆమె త్యాగం గురించి మాట్లాడారు. నేనూ మాట్లాడాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గనిపిస్తుంది. మేమంతా చూసుకోవలసింది, చూసుకోలేదు.

ఇది మా ఇద్దరి కథే కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 58.8 శాతానికి రక్తహీనత ఉంది. అంతకు ముందటి సర్వేలో 60 శాతం. అంటే ఇన్ని పథకాలు, ఇన్ని మాత్రలు, మా బోటివాళ్ల ఇన్ని ఉపన్యాసాలు కలిసి తగ్గించింది ఒక శాతం చిల్లర.

మరి మనం ప్రయత్నమే చేయమా? చేస్తాం. జనవరి ఒకటిన ఎవరికైనా బుద్ధి పుడుతుంది. ఆ ఏడు పాయింట్ నాలుగు తర్వాతి సంవత్సరం నేను డైరీ మొదటి పేజీలో రాసుకున్నాను: రోజూ ఐదింటికి లేచి గంట నడవాలి, స్వీట్లు మానాలి, రోజూ ఆకుకూర, రోజూ పండు, రాత్రి పదికల్లా నిద్ర. తొమ్మిది రోజులు జరిగింది. పదోరోజు మా వీధి కొళాయికి ఐదింటికి నీళ్లొచ్చాయి. బిందెలు పట్టేసరికి బస్సు వేళయింది. పదకొండో రోజు ఇంట్లో చుట్టాలు. పన్నెండో రోజు నుంచి డైరీ తెరవలేదు. నాకు క్రమశిక్షణ లేదని నన్ను నేనే తిట్టుకున్నాను.

ఇప్పుడు ఆ పేజీ చూస్తే తెలుస్తోంది, ఆ తీర్మానం నాది కాదు. అది నీళ్లు ఇంకెవరో పట్టే, వంట ఇంకెవరో చేసే ఇంట్లో మనిషి తీర్మానం. కేంద్ర ప్రభుత్వమే 2024లో సమయ వినియోగ సర్వే చేసింది. ఇంటిపని చేసే స్త్రీలు దానికి రోజుకు 289 నిమిషాలు పెడుతున్నారు, ఇంటిపని చేసే పురుషులు 88 నిమిషాలు. అది కూడా ఏదో ఒకటి చేసే మగవాళ్ల లెక్క. అసలు చేయి పెట్టనివాళ్లు ఇందులో లేనేలేరు. ఆ 289 నిమిషాలను అట్లాగే ఉంచి, దాని మీద ఇంకొక గంట నడక పెడితే అది ఆరోగ్య అలవాటు కాదు, ఇంకొక చాకిరీ. నాలుగు రోజుల్లో కూలిపోతుంది. కూలిపోయిన ప్రతిసారీ తప్పు మనదే అనుకుంటాం.

అందుకని ఈ ఏడాది తీర్మానం రాసుకునే ముందు ఒక పని చేయండి. కాగితం మధ్యన గీత గీయండి. ఎడమవైపు "నా పని" అని రాయండి. కుడివైపు "మన డిమాండు" అని రాయండి. ఎవరి అనుమతీ లేకుండా, కొత్తగా రూపాయి లేకుండా, ఇప్పుడున్న రోజులోనే నేను చేయగలిగింది ఎడమవైపు. ఇంకొకరు మారితేనో, ప్రభుత్వం చేస్తేనో అయ్యేది కుడివైపు. మనం ఇన్నాళ్లూ చేసిన పొరపాటు ఈ రెండింటినీ కలిపేయడం. కుడివైపుది ఎడమవైపు రాసుకుంటే చేయలేక మనల్ని మనమే తిట్టుకుంటాం. ఎడమవైపుది కుడివైపు రాసుకుంటే, వ్యవస్థ మారేదాకా నా బీపీ చూపించుకోను అన్నట్టు ఉంటుంది. ఆ అక్క విషయంలో జరిగింది అదే.

కొన్ని ఉదాహరణలు చెప్తాను.

తిండి సంగతి చూద్దాం. మన ఇళ్లలో ఆడవాళ్లు చివర తింటారు. ఒక సంఘంలో ఒక చెల్లెలు, ఇకమీదట నేను ముందు తింటా అని తీర్మానం చేసుకుంది. మూడో రోజే అత్త, ఆడది ముందు తింటే ఇంటికి అరిష్టం అని గొడవ పెట్టుకుంది. ఆ పిల్ల ఓడిపోలేదు, లక్ష్యాన్ని సర్దుకుంది. కూర దించగానే ఒక చిన్న గిన్నెలో తన వాటా తీసి మూతపెట్టడం మొదలుపెట్టింది. అందరూ తిన్నాకే తింటుంది, కానీ అడుగంటింది కాదు, తన వాటా తింటుంది. గుడ్డు వండిన రోజు గుడ్డు కూడా ఆ గిన్నెలో ఉంటుంది. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేకపోయింది. అందుకే నిలిచింది. అందరూ కలిసి తినడం, వండేపని పంచుకోవడం ఇప్పటికీ ఆమె కాగితంలో కుడివైపే ఉన్నాయి. వాటి మీద పోట్లాట సాగుతూనే ఉంది. ఈలోగా ఆమె తింటోంది.

రక్తం సంగతి. ఇనుము మాత్రలు ఆరోగ్య ఉపకేంద్రంలో ఊరికే ఇస్తారు. 2018లో మొదలైన ఎనీమియా ముక్త్ భారత్ కార్యక్రమం కింద, పిల్లలు పుట్టే వయసు ఆడవాళ్లందరికీ వారానికి ఒక మాత్ర. మనం అన్నం తినగానే టీ తాగుతాం. అన్నంలో ఉన్న ఇనుము ఒంటికి పట్టకుండా టీ అడ్డుపడుతుంది. టీ మానమని నేను చెప్పను, చెప్తే మీరు వినరు, నేనూ మానలేదు. తిన్నాక గంట ఆగి తాగండి. కూరలో, పప్పులో నిమ్మకాయ పిండండి. ఇది ఎడమవైపుది. మాత్రలు అయిపోయాయి, వచ్చే నెల రా అంటే ఆ మాట కుడివైపు రాయండి. సంఘమంతా కలిసి అడగండి.

సంగటి సంగతి. ఈ నేల తిండి రాగి, కొర్ర, జొన్న, సజ్జ. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. కరువు సీమలో అది ఎన్ని ప్రాణాలు నిలబెట్టిందో చూసినదాన్ని, దాన్ని తక్కువ చేయను. అయితే అప్పటినుంచి సంగటి పేదవాళ్ల తిండి, అన్నం పెద్దవాళ్ల తిండి అనే మాట ఇంకా బలపడింది, మూడు పూటలా బియ్యమే అయింది. ఇప్పుడు పల్లెల్లోనూ చక్కెర జబ్బు వచ్చాక డాక్టర్లు మళ్లీ రాగులు తినమంటున్నారు, పట్నంలో వాటి ధర బియ్యాన్ని దాటింది. వంద గ్రాముల రాగుల్లో మూడు వందల మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. నలభై దాటిన ఆడవాళ్ల ఎముకలకు అదెంత అవసరమో మోకాళ్లు పట్టుకుని లేచే మనకే తెలుసు. రోజూ సంగటి అని రాసుకోకండి, కెలికే ఓపిక రోజూ ఉండదు. వారానికి మూడు రాత్రులు అని రాసుకోండి. చౌకదుకాణంలో ఏడాది పొడుగునా బియ్యంతో పాటు రాగులు ఇవ్వాలన్నది కుడివైపు.

నీళ్ల సంగతి. ఇది మనం పైకి మాట్లాడం. పొలంలో చాటు లేదని, బస్టాండులో తలుపు లేదని పొద్దున్నుంచి గొంతు తడుపుకోని ఆడవాళ్లు ఈ సభలో ఎంతమంది ఉన్నారో నన్ను చేతులెత్తించమంటారా? మూత్రంలో మంట, మాటిమాటికీ జ్వరం, మూత్రపిండాల జబ్బు దాకా పోయేది ఇట్లాగే. ఎడమవైపు: ఇంటినుంచి లీటరు సీసా తీసుకుపోయి, ఇల్లు చేరేలోపు ఖాళీ చేయడం. కుడివైపు: పనిచేసేచోట నీళ్లు, నీడ, మరుగుదొడ్డి. ఇందులో కొత్త కోరిక ఏదీ లేదు. 2005 ఉపాధి హామీ చట్టంలోనే పనిచోట తాగునీళ్లు, నీడ ఉండాలని రాశారు. ఆ పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న మొదలుపెట్టింది, అప్పుడు మనమూ భాగంగా ఉన్న అనంతపురం జిల్లా బండ్లపల్లిలోనే. చట్టం పుట్టిన జిల్లాలో ఆడవాళ్లు దాహంతో పనిచేశారు. పథకాల పేర్లు మారతాయి, మన దాహం మారదు. ఏ పేరుతో పని పెట్టినా ఆ నీళ్లూ నీడా అడగవలసిందే.

వక్కాకు, పొగాకు సంగతి. నాకు కోపమొస్తుందని కొందరు బుగ్గలో ఉన్నది దాస్తున్నారు. దాయకండి. ఆకలి చంపుకోవడానికి, నడుం నొప్పి మరిచిపోవడానికి, ఎండలో ఒళ్లు నిలబెట్టుకోవడానికి అలవాటైందని నాకు తెలుసు. కానీ పొగాకు లేని వట్టి వక్కయినా నోటి కాన్సరుకు కారణమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే తేల్చింది. చివరికి మానవలసిందే. రేపటినుంచి ముట్టను అని ఒట్టు పెట్టుకుని ఎల్లుండి తినడం కంటే, ఈ నెల పొగాకు తీసేస్తాను, వచ్చే నెల పది సార్లను ఐదు చేస్తాను అనుకోవడం మేలు. నోట్లో తెల్ల మచ్చ గానీ, మానని పుండు గానీ ఉంటే మాత్రం నెలలు లెక్కపెట్టకండి, ఈ వారమే చూపించుకోండి. ముప్పై దాటినవాళ్లందరికీ బీపీ, చక్కెర, నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం పరీక్ష చేయడం ప్రభుత్వ కార్యక్రమంలో ఉంది. అడిగి చేయించుకోవడం హక్కు. ఏడాదికి ఒక్కసారి అని రాసుకోండి. ఇంతకంటే సులువైన తీర్మానం లేదు. ఇప్పటికే మాత్రలు వాడుతున్నవాళ్లు కొత్త అలవాటు మొదలైందని మాత్రలు ఆపకండి.

ఇక స్వచ్ఛంద సంస్థల్లో పనిచేసే మిత్రులకు రెండు మాటలు. మీలో చాలామంది రోజంతా స్కూటీ మీద, రాత్రి పదకొండుదాకా ఫోను మీద, రిపోర్టుల మీద ఉంటారు. మీకు నడక అవసరమే. అయితే మీ కాగితంలో కుడివైపు పెద్దది. వారానికొక సెలవు, రాత్రి తొమ్మిది తర్వాత ఫోను ఉండకూడదనే నియమం, ప్రాజెక్టు బడ్జెట్లో కార్యకర్తల ఆరోగ్య పరీక్షకు ఒక పద్దు, ఇవి మీ సంస్థ దగ్గర అడగండి. కూలి ఆడవాళ్ల విశ్రాంతి హక్కు గురించి శిక్షణ ఇచ్చే కార్యకర్తకు ఆదివారం లేకపోతే ఆ శిక్షణకు అర్థమేముంది?

రెండో మాట. దయచేసి ఈ తీర్మానాలను రిజిస్టరులోకి ఎక్కించకండి. లక్ష్యం అన్న మాటకు ఆడవాళ్ల దగ్గర మంచి పేరు లేదు. కుటుంబ నియంత్రణ ఆపరేషన్లకు టార్గెట్లు పెట్టి, ఏఎన్ఎం అమ్మను జీతం ఆపుతామని బెదిరించి, ఆడవాళ్లను కేసులు అని పిలిచిన కాలం చూశాం. ఆ టార్గెట్లను తీసేయడానికి 1996 ఏప్రిల్ దాకా పట్టింది. ఇన్నేళ్లూ మన శరీరాలు ఇంకొకరి లక్ష్యాలు. ఇప్పుడు మొదటిసారి మన లక్ష్యం మనం పెట్టుకుంటున్నాం. ఎంత పెట్టుకోవాలో, ఎప్పుడు మార్చుకోవాలో పెట్టుకున్న మనిషే చెప్పాలి. ఎన్ని కిలోలు తగ్గావు, ఎందుకు చేయలేదు అని అడిగే హక్కు మనకెవరికీ లేదు. ఏం అడ్డం వచ్చింది అని మాత్రం అడగవచ్చు. ఆ జవాబులోనే మన తర్వాతి డిమాండు దొరుకుతుంది.

చిన్న లక్ష్యం పెట్టుకుంటే ఏం సాధిస్తామని ఒక చెల్లెలు ఇందాక అడిగింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో చదువు నేర్చుకోవడానికి వచ్చిన ఆడవాళ్లు రాష్ట్రమంతా మద్యనిషేధం తెస్తామని బయలుదేరలేదు. మా ఊళ్లో సారా అంగడి ఉండకూడదు అన్నారు, అంతే. అది వాళ్ల చేతుల్లో ఉన్న పని. ఒక ఊరు చూసి ఇంకొక ఊరు లేచింది. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో ప్రభుత్వం దాన్ని ఎత్తేసిన మాట కూడా మరిచిపోకూడదు. పైనుంచి వచ్చినదాన్ని పైవాళ్లు తీసేశారు. దూబగుంట ఆడవాళ్లకు తమ మీద తమకు కలిగిన నమ్మకాన్ని మాత్రం ఎవరూ తీసేయలేకపోయారు.

ఎన్నాళ్లకు అలవాటవుతుంది అంటారా? లండన్‌లో ఒక విశ్వవిద్యాలయం వాళ్లు తొంభై ఆరు మందిని పరిశీలించి 2009లో ప్రకటించారు. కొత్త పని ఆలోచించకుండా జరిగిపోయే అలవాటు కావడానికి సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులే, కొందరికి 254 రోజుల దాకా పట్టేట్టుందని లెక్కగట్టారు. మధ్యలో ఒక రోజు తప్పినా పెద్ద తేడా రాలేదట. నా డైరీ పదోరోజు మూసేసినప్పుడు ఈ మాట ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. ఆ 66 రోజులను జనవరి ఒకటి నుంచి లెక్కపెట్టి చూశాను. మార్చి ఏడుతో పూర్తవుతాయి. మరునాడు మార్చి ఎనిమిది, మన రోజు. అప్పటికీ కుదరనివాళ్లకు ఉగాది ఉంది. శనక్కాయ పని అయిపోయి కాస్త ఊపిరి దొరికే కాలం, మన అసలు కొత్త సంవత్సరం. జనవరిలో తప్పినవాళ్లు అప్పుడు మొదలుపెట్టండి.

నా కాగితం కూడా చెప్పి ముగిస్తాను. ఎడమవైపు మూడే రాశాను. మధ్యాహ్నం ఎక్కడున్నా రెండింటిలోపు కూర్చుని తినడం. సీసా నీళ్లు ఖాళీ చేయడం. ఆరు నెలలకోసారి రక్త పరీక్ష. నడక రాయలేదు. కొళాయి నీళ్లు మా ఆయన పడితే వారానికి నాలుగు రోజులు నడుస్తానని కుడివైపు రాసి, ఆ కాగితం ఆయనకే చూపించాను. వారానికి రెండు రోజులు పడతానన్నారు. అందుకని రెండు రోజులు నడుస్తున్నాను. మిగతా రెండు రోజుల మీద చర్చ నడుస్తోంది.

ఇప్పుడు మీ అందరికీ తలా ఒక కాగితం ఇస్తున్నారు. రాయడం రానివాళ్లు పక్కన ఉన్నవాళ్లతో రాయించుకోండి. పేరు రాయవద్దు. ఎడమవైపు ఒక్కటి, కుడివైపు ఒక్కటి చాలు. ఎడమవైపు ముక్క చింపి మీ దగ్గర పెట్టుకోండి, ఎవరికీ చూపించనక్కర్లేదు. కుడివైపు ముక్కలు ఈ డబ్బాలో వేయండి. మార్చి ఎనిమిదిన ఇక్కడే కలుద్దాం. ఈ ముక్కలన్నీ చేర్చి ఆ రోజు తీర్మానం చేద్దాం. ఆ తీర్మానానికి చేతులెత్తేటప్పుడు ఆ చేతుల్లో ఇప్పటికంటే కొంచెం ఎక్కువ రక్తం ఉండాలని కోరుకుంటూ సెలవు తీసుకుంటాను.